అమ్మ కోసం తోట వేసిన చందా

మా ఇల్లు పూర్తయి, పాలు పొంగించిన మర్నాడే ఇంట్లో ఒక పంచాయితీ మొదలైంది. గేటుకీ గుమ్మానికీ మధ్య మిగిలిన జాగాలో ఏం చెయ్యాలన్నది సమస్య. పెద్ద జాగా ఏమీ కాదు. ఇరవై అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు. భువనగిరిలో మా కాలనీలో ఇప్పుడు కట్టే ఇళ్ళన్నీ ఒకే తీరు. ముందంతా బండలు పరిచేసి బండి పెట్టుకుంటారు. మా మేస్త్రీ కూడా అదే సలహా ఇచ్చాడు. మట్టి ఉంటే బురద, చెట్టు ఉంటే ఆకులు, ఆకులు ఉంటే రోజూ ఊడ్చుకునే పని అని లెక్క చెప్పాడు. మావారికి ఆ లెక్క నచ్చింది. అత్తమ్మకు మాత్రం నచ్చలేదు. మన గుట్టల ఊళ్ళో ఎండాకాలం ఎట్లా ఉంటుందో తెలిసీ ఇంటికి వచ్చినవాళ్ళను బండల మీద నిలబెడతారా అని ఆమె బాధ. నేను ఎటూ చెప్పలేక ఊరుకున్నాను. నా మనసులో మా అమ్మ మల్లె డబ్బా ఉంది.

మా నాన్నది బదిలీల ఉద్యోగం. నల్గొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్... ఎక్కడికి వెళ్ళినా అద్దె ఇల్లే. అద్దె ఇంట్లో మట్టి మనది కాదు కదా! అందుకని అమ్మ నూనె డబ్బాకు చిల్లులు పొడిచి అందులో మల్లె పెంచేది. ఇల్లు మారిన ప్రతిసారీ లారీలో సామానంతా ఎక్కాక చివరికి ఆ డబ్బాను తన ఒళ్ళో పెట్టుకుని ముందు కూర్చునేది. సొంత ఇంటి నేలలో ఆ మల్లెను నాటాలన్న కోరిక తీరకుండానే రెండేళ్ళ క్రితం వెళ్ళిపోయింది. డబ్బా మాత్రం నా దగ్గరికి వచ్చింది.

ఈ పంచాయితీ నడుస్తుండగానే పనుండి సికింద్రాబాద్ వెళ్ళాను. భువనగిరిలో రైలెక్కితే బీబీనగర్, ఘట్‌కేసర్, చర్లపల్లి దాటాక మౌలాలి వస్తుంది. రాతి గుట్ట, గుట్ట మీద తెల్లటి దర్గా రైల్లోంచే కనిపిస్తాయి. ఆ గుట్ట కింద ఒక తోట ఉంది. రెండు వందల ఏళ్ళ క్రితం ఒక కూతురు తన తల్లి కోసం వేయించిన తోట అది. ఒకసారి స్నేహితురాలితో కలిసి వెళ్ళి చూశాను. రైలు ఆ గుట్ట పక్కనుంచి పోతుంటే ఆ కూతురు గుర్తొచ్చింది. ఆమె పేరు చందా. లోకానికి మహలఖా బాయి. ఆ రోజు ఇంటికొచ్చి అత్తమ్మకు ఆమె కథ చెప్పాను. ఇప్పుడు మీకూ చెబుతాను.

నీడ లేని ఇంటి ఆడవాళ్ళు

చందా కథ ఆమె అమ్మమ్మ దగ్గర మొదలవుతుంది. గుజరాత్‌లో మర్యాదగా బతికిన ఇల్లాలు ఆమె. భర్త ప్రభుత్వ సొమ్ము వాడుకుని, పట్టుబడతానన్న భయంతో భార్యాపిల్లల్ని వదిలి పారిపోయాడని చెబుతారు. మగవాడు చేసిన తప్పుకు ఇల్లు పోయింది, పరువు పోయింది. పిల్లల్ని వెంటేసుకుని ఆ తల్లి రాజపుటానా వైపు వెళ్ళింది. అయినవాళ్ళెవరూ ఆదుకోలేదు. ఊరూరా తిరుగుతూ ఆడి పాడే భగతులు ఆ కుటుంబానికి అన్నం పెట్టారు, తమలో కలుపుకున్నారు. ఆ బృందంలోనే ఆడపిల్లలు పాట నేర్చారు, ఆట నేర్చారు. బతకడానికి దొరికిన విద్య అది. వారిలో ఒకామె రాజ్ కున్వర్. చందాకు తల్లి.

అక్కడినుంచి వాళ్ళ ప్రయాణం దక్కనుకు సాగింది. అప్పట్లో సైన్యం కదిలితే దాని వెంట అంగళ్ళు, వంటవాళ్ళు, గాయకులు, నర్తకులు అందరూ కదిలేవాళ్ళు. అలా ఆ ఆడవాళ్ళు నిజాం రాజ్యానికి చేరారు. రెండో నిజాం అలీ ఖాన్ 1762లో అధికారానికి వచ్చి, ఆ తర్వాత రాజధానిని ఔరంగాబాద్ నుంచి హైదరాబాద్‌కు మార్చుకున్న కాలం అది. కొత్త రాజధాని, కొత్త దర్బారు. కళ తెలిసినవాళ్ళకు గిరాకీ ఉన్న రోజులు. రాజ్ కున్వర్‌కు ఢిల్లీ పాదుషా కొలువులో పనిచేసి దక్కనుకు వచ్చిన బహదూర్ ఖాన్‌తో జత కుదిరింది. 1768లో ఆడపిల్ల పుట్టింది. చందా బీబీ అని పేరు పెట్టుకున్నారు.

ఆ పుట్టుక గురించి హైదరాబాద్‌లో ఒక కథ చెప్పుకుంటారు. రాజ్ కున్వర్ కడుపుతో ఉండగా మౌలాలి గుట్టకు మొక్కుకోవడానికి వెళ్ళిందట. దారిలో గర్భం నిలుస్తుందో లేదో అన్నంత ఆపద వచ్చిందట. గుట్ట మీదినుంచి తెచ్చిన దారం కట్టి, ధూపం వేశాక నెమ్మదించిందట. ఆ గుట్ట తన ప్రాణం నిలిపిందన్న నమ్మకం చందాకు జీవితమంతా ఉంది. తోట అక్కడే ఎందుకు వేసిందో ఈ కథ వింటే అర్థమవుతుంది.

గుర్రమెక్కిన పిల్ల

చందాను పెంచింది మెహతాబ్ అనే దగ్గరి బంధువు. ఆమెకు పిల్లల్లేరు. నిజాం దివానుగా ఉన్న రుక్నుద్దౌలా ఇంట్లో ఆమెకు మంచి స్థానం ఉండేది. అలా తిండికీ నీడకూ తిరిగిన వంశంలో పుట్టిన పిల్లకు పెద్దింట్లో చదువు దొరికింది. ఆ ఇంట్లో పుస్తకాలకు లోటు లేదు. పాటకు గురువులు, ఆటకు గురువులు, ఉర్దూ ఫార్సీలకు గురువులు. పద్నాలుగేళ్ళు వచ్చేసరికి గుర్రపు స్వారీ, విలువిద్య కూడా వచ్చేశాయి.

ఆ రోజుల్లో పెద్దింటి స్త్రీ పరదా దాటి రాకూడదు. పేదింటి స్త్రీకి పరదా లేదు కానీ చదువూ లేదు. ఈ రెంటికీ మధ్య తవాయిఫ్‌లు ఉండేవాళ్ళు. వాళ్ళకు చదువు ఉండేది, సంపాదన ఉండేది, సొంత ఆస్తి ఉండేది. ఇల్లాలి గౌరవం మాత్రం ఉండేది కాదు. సభలో పొగిడిన నోరే వెనక చిన్నచూపు చూసేది. చందా ఆ బతుకును దాచుకోలేదు, దానికి తల దించుకోనూ లేదు. పెళ్ళి చేసుకోలేదు. తన విద్య మీద తాను నిలబడింది.

నిజాం అలీ ఖాన్ దండయాత్రలకు వెళ్ళినప్పుడు మూడు సార్లు ఆమె వెంట వెళ్ళింది. మగవాళ్ళ దుస్తులు వేసుకుని, విల్లూ ఈటే పట్టుకుని వెళ్ళేదట. నిజాం ఆమెకు ఉమరాల హోదా ఇచ్చాడు. అంటే దర్బారులో పెద్దమనుషుల వరసలో చోటు అన్నమాట. బయటికి వెళ్ళేటప్పుడు వెంట సిపాయిలు నడిచేవాళ్ళు. రాజ్య వ్యవహారాల్లో ఆమె మాట అడిగేవాళ్ళు. మహలఖా అన్న బిరుదు కూడా దర్బారు ఇచ్చిందే. చంద్రుడి వంటి ముఖం కలది అని అర్థం. చందా అన్నా చంద్రుడే కదా! ఇంట్లో పిలుపూ దర్బారు బిరుదూ ఒక్క మాటే అయ్యాయి.

పుస్తకానికి తోట పేరు

ఆమె గజళ్ళు రాసింది. మగవాళ్ళ ముషాయిరాల్లో తన కవిత తానే వినిపించింది. 1798లో తన కవితలన్నీ ఒక దివానుగా కూర్చింది. చాలాకాలం ఉర్దూలో మొట్టమొదటి స్త్రీ దివాను ఇదేనని అనుకున్నారు. తర్వాత లుత్ఫున్నిసా ఇంతియాజ్ అనే మరో కవయిత్రి దివాను వెలుగులోకి వచ్చింది. ఆమె ఒక ఏడాది ముందే కూర్చింది. ఆమె కూడా దక్కను ఆడపడుచే. ఎవరు ముందన్నది పండితులు చూసుకుంటారు గానీ, ఇద్దరూ మన గడ్డ మీదివాళ్ళే కావడం మనకు సంతోషం కాదూ!

చందా గజళ్ళలో ఒక్కొక్క దానికి ఐదేసి షేర్లు. ఎంత సరసంగా సాగిన గజలైనా చివరికి వచ్చేసరికి మౌలా అలీని తలుచుకుంటుంది. ఎక్కడ తిరిగినా సాయంత్రానికి ఇల్లు చేరినట్టు ఆమె కవిత ఆ గుట్ట దగ్గరికి చేరుతుంది. 1799 అక్టోబరులో జాన్ మాల్కం అనే బ్రిటిష్ అధికారికి తన దివాను ప్రతి ఒకటి బహూకరించింది. అది లండన్ చేరి ఇప్పటికీ భద్రంగా ఉంది. ఆమె పోయిన ఏడాదే, 1824లో, గుల్జారె మహలఖా పేరుతో ఆ దివాను బయటికి వచ్చింది. గుల్జార్ అంటే పూలతోట. పుస్తకానికి కూడా తోట పేరే!

అమ్మకు కట్టిన ఇల్లు

ఇక అసలు తోట దగ్గరికి వద్దాం. 1792లో చందాకు ఇరవై నాలుగేళ్ళు. ఆ ఏడు మౌలాలి గుట్ట కింద తల్లి రాజ్ కున్వర్‌కు సమాధి కట్టించింది. మామూలు సమాధి కాదు. నవాబులకూ దివానులకూ కట్టినట్టు చుట్టూ గోడ, దర్వాజా, మసీదు, కూర్చునే మంటపం, నీళ్ళ హౌజు, వాటి నడుమ చార్‌బాగ్. మొఘల్ పద్ధతికి రాజస్థానీ పోకడ కలిపి కట్టించింది. తల్లి నడిచి వచ్చిన దారులు ఆ రాళ్ళలో కనిపిస్తాయి.

ఒక్క క్షణం ఆలోచించండి. రాజ్ కున్వర్ ఎవరు? చిన్నప్పుడు ఇల్లు పోగొట్టుకుని, ఊళ్ళు పట్టుకు తిరిగి, ఆడి పాడి పిల్లల్ని పెంచిన మనిషి. అట్లాంటివాళ్ళ పేరు ఏ చరిత్రలోనూ ఉండదు. పోయాక గుర్తు పెట్టుకునేవాళ్ళూ ఉండరు. కూతురు ఆ రాతను మార్చింది. బతికినంత కాలం సొంత గడప ఎరగని తల్లికి గోడా గుమ్మం ఉన్న ఇల్లు కట్టి, దాని ముందు తోట వేసింది. అదీ ఎక్కడ? ఏటా రజబ్ నెలలో ఉర్సుకు వేలమంది నడిచి వచ్చే దారిలో! హిందువులూ ముస్లింలూ అందరూ ఎక్కే గుట్ట అది. ఎండన పడి వచ్చినవాళ్ళకు ఆ తోటలో నీడ, నీళ్ళు. ఉర్సు రోజుల్లో పాటలు, కవితలు, విందులు. నిలువ నీడ లేక తిరిగిన తల్లి సమాధి దారిన పోయేవాళ్ళకు నీడయింది.

చార్‌బాగ్ అంటే ఏమిటో మనలో కొందరికి తెలియకపోవచ్చు. నాలుగు భాగాల తోట అని దాని అర్థం. పారసీక దేశంలో పుట్టిన పద్ధతి. బాబరు ఇష్టపడి మన దేశంలో వేయించాడు. ఢిల్లీలో హుమాయూన్ సమాధి, ఆగ్రాలో తాజ్‌మహల్ ముందున్నవి ఈ తోటలే. చతురస్రంగా ఉన్న జాగాను రెండు దారులు అడ్డంగా నిలువుగా కోస్తాయి. దారులు కలిసే చోట నీళ్ళు. మిగిలిన నాలుగు చదరాల్లో చెట్లు, పూలు. చూడటానికి ఎంత తేలిక! ఇంటి ముందు మనం వేసే చుక్కల ముగ్గులా ఉంటుంది. కానీ ఇందులో ఒక కిటుకుంది. నడిచే దారి ఎత్తుగా ఉంటుంది, మొక్కలుండే మడి పల్లంగా ఉంటుంది. ఒక్కసారి నీళ్ళు వదిలితే మడిలోనే నిలిచి వేళ్ళకు దిగుతాయి. దారి తడవదు, నడిచేవాళ్ళ కాళ్ళకు బురద అంటదు. ఎత్తు మీద నడుస్తుంటే పక్కన పూలు కాళ్ళ దగ్గరే తివాచీ పరిచినట్టు కనిపిస్తాయి. నీళ్ళకు కరువైన దేశంలో పుట్టిన తోట కదా, ఒక్క చుక్క వృథా పోనివ్వదు. మన ఎర్ర చెలక నేలలకూ రాతి గుట్టలకూ ఇంతకంటే సరిపడే పద్ధతి ఇంకేం కావాలి?

ఇచ్చిన చెయ్యి

చందాకు జాగీర్లు చాలా వచ్చాయి. అందులో ఒకటి అడిక్‌మెట్. తర్వాతి కాలంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం లేచింది ఆ భూముల మీదే. దాని పక్కనే ఉన్న ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఆవరణలో ఆమె పేరు చెప్పుకునే మెట్లబావి ఇప్పటికీ ఉంది. రోజూ ఆ దారిన కాలేజీకి వెళ్ళే ఆడపిల్లల్లో ఎంతమందికి తాము నడుస్తున్న నేల ఒక ఆడమనిషి జాగీరని తెలుసో!

నాంపల్లిలో ఆమెకు హవేలీ ఉండేది. తర్వాతి రోజుల్లో ఆ చోట కూడా చదువుల బడి నడిచింది. బతికి ఉన్నప్పుడు ఆమె ఆడపిల్లల్ని చేరదీసింది. పాట, ఆట, చదువు నేర్పించింది. మూడు వందల మంది దాకా ఆమె దగ్గర నేర్చుకున్నారని చెబుతారు. పుస్తకాలు సేకరించి గ్రంథాలయం పెట్టుకుంది. పండితుడొకరిని పెట్టి మాహ్‌నామా అనే చరిత్ర గ్రంథం రాయించింది. అందులో దక్కను చరిత్రతో పాటు తన కుటుంబం కథ కూడా చెప్పించింది. అమ్మమ్మ పడ్డ కష్టం, భగతుల దగ్గర తల దాచుకున్న సంగతి మనకు తెలిసిందంటే అది ఆమె దాచకపోవడం వల్లే. హోదా వచ్చాక వెనకటి పేదరికాన్ని కప్పిపుచ్చుకోవడం లోకంలో చూస్తూనే ఉంటాం. ఆమె దాన్ని పుస్తకంలోకి ఎక్కించింది.

1824లో మహలఖా బాయి కన్నుమూసింది. మౌలాలి తోటలో తల్లి పక్కనే ఆమెనూ ఉంచారు. ఆస్తి, నగలు, భూములు నీడ లేని ఆడవాళ్ళకు చెందాలని రాసిందని చెబుతారు. అమ్మమ్మ కాలంనాటి కష్టానికి మనుమరాలు ఇచ్చిన జవాబు అనుకోవచ్చు.

చెత్త కింద దాగిన తోట

ఏ తోటైనా చూసే చెయ్యి ఉన్నంతవరకే తోట. తర్వాత అడవి. మహలఖా తోటకు కూడా అదే జరిగింది. ఊరు పెరిగింది. రైలు వచ్చింది, ఫ్యాక్టరీలు వచ్చాయి, కాలనీలు వచ్చాయి. నీళ్ళుండే చోట చెత్త నిండింది. దారుల మీద మన్ను పేరుకుంది. గోడల్లో రావి మొక్కలు మొలిచి రాళ్ళను చీల్చాయి. గచ్చుతో చేసిన పూల నగిషీలు రాలిపోయాయి. పక్కింటివాళ్ళకు కూడా అక్కడ ఎవరున్నారో తెలియని రోజులు వచ్చాయి.

చివరికి అమెరికా ప్రభుత్వం ఇచ్చిన నిధితో, హైదరాబాద్‌లో దక్కను చరిత్ర మీద పనిచేసే సంస్థ పూనుకుని, 2010-11 ప్రాంతంలో బాగుచేయించారు. మన్ను తవ్వి తీస్తుంటే పాత దారులు బయటపడ్డాయి, హౌజు బయటపడింది. సున్నం, గచ్చు పనులు పాత పద్ధతిలోనే చేయించారు. నేను వెళ్ళినప్పుడు అక్కడ పెద్ద సందడేమీ లేదు. దర్వాజా దాటి లోపలికి అడుగు పెట్టగానే బయటి రోడ్డు చప్పుడు తగ్గినట్టనిపించింది. ఎదురుగా సూటిగా దారి, దారి చివర సమాధి. తప్పిపోవడం అంటూ ఉండదు. ఎవరో చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్తున్నట్టే ఉంది. తల్లీ కూతుళ్ళు పక్కపక్కన ఉన్నారు. నా స్నేహితురాలు ఫోటోలు తీసుకుంటుంటే నేను అక్కడి మెట్టు మీద కూర్చుని మా అమ్మను తలుచుకున్నాను.

మా గుమ్మం ముందు

కథ విన్నాక అత్తమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి వెళ్ళి మావారిని పిలిచి, నీ బండికి సగం జాగా తీసుకో, మిగతా సగం నా కోడలిది అని తేల్చేసింది. అంతే, పంచాయితీ ముగిసింది!

మాకు చార్‌బాగ్ వేసేంత జాగా ఎక్కడిది? అయినా చందా తోటలో చూసినవాటిలో కొన్ని మా పన్నెండు అడుగుల్లో ఇమిడాయి. కొత్త ఇల్లు కట్టుకున్నవాళ్ళకు పనికొస్తాయని చెబుతున్నాను.

ముందుగా మట్టి సంగతి. మొదట నేను తెలియక రెండు గులాబీలు నాటి పోగొట్టుకున్నాను. తవ్వి చూస్తే కింద అంతా ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్ళలు, కంకర. ఇల్లు కట్టేటప్పుడు మిగిలిందంతా ముందు జాగాలోనే పూడ్చేస్తారు. సిమెంటు, సున్నం కలిసిన మట్టిలో మొక్క ఆకులు పసుపుపచ్చగా మారి ఎదగదు. అందుకని అడుగున్నర లోతు తవ్వించి ఆ చెత్తంతా తీయించాం. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు మాగిన పశువుల ఎరువు కలిపి నింపాం. ఒక వాన పడి మట్టి కుదురుకున్నాక మళ్ళీ నాటాం.

తర్వాత దారి. గేటు తీయగానే గుమ్మం కనిపించేలా సూటిగా నాలుగడుగుల వెడల్పుతో మన తాండూరు బండలు వేయించాం. ఇద్దరు పక్కపక్కన మాట్లాడుకుంటూ రావచ్చు. నున్నటివి కాదు, గరుకువి. వానలో పెద్దవాళ్ళు జారిపడకుండా ఉంటుంది. అందరూ మడులు ఎత్తుగా కట్టి దారి పల్లంగా ఉంచుతారు. మేం చార్‌బాగ్‌లో లాగా తిరగేశాం. మడి దారికంటే నాలుగంగుళాలు పల్లం. వాన నీళ్ళు రోడ్డు మీదికి పోకుండా మడిలోనే ఆగుతాయి. మడి నిండితే మూలనున్న ఇంకుడు గుంతలోకి వెళ్తాయి. డాబా మీది నీళ్ళ పైపు కూడా దాంట్లోకే. గోడకు చెమ్మ తగలకుండా గుంతను ఇంటికి దూరంగా కాంపౌండు గోడ మూలన తవ్వించాం. బోర్లు ఎండిపోయే ఊళ్ళో ఈ పని తోట లేనివాళ్ళు కూడా చెయ్యొచ్చు.

మొక్కల ఎంపికలో అత్తమ్మదే పెత్తనం. గేటు పక్కన పారిజాతం. మరీ పెద్దగా పెరగదు, గోడలు చీల్చదు. రాత్రి పూసి తెల్లారేసరికి ముగ్గు పక్కన రాలి ఉంటుంది. గోడ వెంట తంగేడు. అడవి మొక్క ఇంటి ముందేమిటని పక్కింటివాళ్ళు నవ్వారు గానీ, దానికి నీళ్ళు పెద్దగా అక్కర్లేదు. బతుకమ్మ పండక్కి తంగేడు కోసం ఇప్పుడు ఊళ్ళు దాటి వెళ్ళాల్సి వస్తోంది కదా, మన గడప ముందే ఉంటే మంచిదే. దాని ముందు గునుగు, బంతి. వానాకాలం మొదట్లో విత్తనాలు చల్లితే పండగకు అందుకుంటాయి. ముళ్ళ మొక్కలు నడిచే దారి పక్కన వద్దు. చిన్నపిల్లలు తిరిగే ఇంట్లో గన్నేరు వద్దు, అది విషం. కరివేపాకు, నిమ్మ వంటింటి వెనక్కి వెళ్ళాయి.

ఇంకొకటి మిగిలింది, అరుగు. పారిజాతం పక్కన ఇద్దరు కూర్చునేంత చిన్న రాతి అరుగు కట్టించాం. పక్కన మూత పెట్టిన నీళ్ళ కుండ. మేస్త్రీకి ఇది అస్సలు అర్థం కాలేదు. గేటు లోపల అరుగెందుకు, ఎవరు కూర్చుంటారు అన్నాడు. ఇప్పుడు చూస్తే ఆ అరుగు ఖాళీగా ఉండదు. గ్యాసు బండ తెచ్చే అబ్బాయి నీళ్ళు తాగి రెండు నిమిషాలు కూర్చుంటాడు. కూరగాయల గంప దించుకుని ఒకామె పొద్దున్నే కొంగుతో చెమట తుడుచుకుంటుంది. సాయంత్రం అత్తమ్మ, ఎదురింటి పెద్దమ్మ అక్కడే కూర్చుని ఊరి సంగతులన్నీ కలబోసుకుంటారు. మావారు కూడా ఆఫీసు నుంచి రాగానే బూట్లు విప్పేది ఆ అరుగు మీదే. జాగా వృథా అన్న మాట ఆయన నోట మళ్ళీ వినలేదు.

మల్లె డబ్బాను చివరికి నేనే విప్పాను. తుప్పు పట్టిన రేకును కత్తెరతో కోస్తే వేళ్ళు డబ్బా ఆకారంలోనే గుండ్రంగా చుట్టుకుని ఉన్నాయి. ఇన్నేళ్ళుగా ఎటు పోవాలో తెలియక తిరిగిన చోటే తిరిగాయి పాపం. మెల్లగా విడదీసి అరుగు పక్కన నాటాను. మొదటి నెల ఆకులన్నీ రాల్చేసింది. చచ్చిపోయిందనుకుని ఏడ్చినంత పని చేశాను. నేలకు అలవాటు పడటానికి దానికి మాత్రం వ్యవధి వద్దా అని అత్తమ్మ ధైర్యం చెప్పింది. రెండో నెలలో కణుపు దగ్గర పచ్చటి చిగురు కనిపించింది. ఈ ఎండాకాలం మొగ్గలు తొడుగుతుందని ఎదురు చూస్తున్నాం.

మీరు ఎప్పుడైనా మౌలాలి వైపు వెళితే గుట్ట ఎక్కే ముందు కింద ఆ తోటలోకి ఒకసారి తొంగి చూడండి. వీలైతే అమ్మనో అత్తనో కూడా తీసుకెళ్ళండి. కాసేపు కూర్చోవడానికి అక్కడ నీడ ఉంది.